ఎదురుకాళ్ల పుష్పమ్మ

చిలకలగూడ సందుల్లో పుష్పమ్మ ఇల్లెక్కడని అడిగితే ఎవరూ నంబరు చెప్పరు. నడుము పట్టేసినవాళ్లు బోర్లా పడుకునే గడప ఎక్కడుంటే అదే ఆమె ఇల్లంటారు. తల్లి కడుపులోంచి కాళ్లు ముందు పెట్టి పుట్టిన మనిషి ఆమె. అట్లా ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల పాదం తగిలితే పట్టేసిన నడుము వదులుతుందని ఆ చుట్టుపక్కల అందరి నమ్మకం. నలభై ఏళ్లుగా ఆదివారం పొద్దున వచ్చినవాళ్లు వచ్చినట్టు గడప మీద అడ్డంగా పడుకుంటే, పుష్పమ్మ గోడ పట్టుకొని కుడికాలు ఎత్తి వాళ్ల వెన్ను మీద మూడుసార్లు ఆనించి తీసేది. ఎవరైనా అరటిపళ్లు తెస్తే సందులో పిల్లలకు పంచేది.

ఆ కాలికి అంతకుముందు వేరే పేరుండేది. ఆమె పుట్టిన పదకొండో రోజున తల్లి పోయింది. తల్లిని తన్నుకుంటూ వచ్చిన పిల్ల అని మేనత్తలు చాటున కాదు, మొహం మీదే అనేవారు. పెళ్లై ఈ సందుకొచ్చాక, నడుము పట్టేసిన ఒక హమాలీ ఆమె కాలు తగిలి, లేచి నిలబడి దండం పెట్టిన రోజున పుష్పమ్మ వంటింట్లోకి పోయి చాలాసేపు ఏడ్చింది. ఆ రోజు నుంచి ఆ కాలే ఆమె పరువు.

ఆ కాలినే పోయిన శివరాత్రికి ముందు జబ్బు పట్టుకుంది.

బియ్యం డబ్బా జరుపుతుంటే నడుములో కలుక్కుమంది. రెండు రోజులకు నొప్పి నడుము విడిచి పిరుదులోకి దిగింది. అక్కడినుంచి తొడ వెనకగా, పిక్క పక్కగా, బొటనవేలి దాకా కాలిన తీగ లాగినట్టు పాకింది. తుమ్మితే కళ్ల ముందు మెరుపులు. కుర్చీలో పది నిమిషాలు కూర్చోలేదు. లంగాలో కాలు దూర్చాలంటే మంచంకోడు పట్టుకోవాలి.

ఎవరికీ చెప్పలేదు. నడుములు బాగుచేసే మనిషికే నడుం నొప్పి అంటే సందంతా నవ్వదా అనుకుంది. ఆదివారాలూ ఆపలేదు. కాలెత్తితే ప్రాణం పోతుంటే కళ్లు మూసి, పళ్లు బిగించి, పెదాలు కదిలించేది. చూసినవాళ్లు అది మంత్రమనుకున్నారు. ముసలామెకు మహిమ పెరిగిందని మాట పుట్టి, మెట్టుగూడ నుంచి, వారాసిగూడ నుంచి కూడా జనం రావడం మొదలైంది.

గుట్టు కోడలి దగ్గర బయటపడింది. ఒక పొద్దున పాలప్యాకెట్లతో ఇంటికొచ్చిన అత్తను రజిత పైనుంచి కిందికి చూసి, కుడికాలి చెప్పు ఏదని అడిగింది. పుష్పమ్మ వంగి చూసుకుంది. పాదం ఖాళీగా ఉంది. రాయి కోసుకొని నెత్తురు కారుతోంది. చెప్పు ఎక్కడ జారిందో, రాయి ఎక్కడ గుచ్చుకుందో ఆమెకు తెలియదు. నొప్పికి భయపడని పుష్పమ్మ, నొప్పి తెలియనందుకు వణికిపోయింది. రజిత ఆ రోజే ఆఫీసుకు సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

డాక్టరు సృజన చిన్నపిల్లలా ఉంది. మడమల మీద నడవమంది. ఎడమ పాదం నిలిచింది, కుడి పాదం టపామని నేలకు పడింది. స్కానింగ్ చూశాక, వెన్నుపూసల మధ్య ఉండే మెత్త పక్కకు జరిగి నరాన్ని నొక్కుతోందని, దీన్ని సయాటికా అంటారని చెప్పింది. చాలామందికి కోత లేకుండానే తగ్గుతుంది గానీ, ఈ పాదంలో బలం ఎట్లా వస్తుందో ఆరు వారాలు చూడాలంది. మంచం పట్టొద్దు, కొంచెం కొంచెంగా నడవమంది. మందులు రాసి, చేయాల్సిన కసరత్తులన్నీ తెలుగులో అచ్చువేసిన కాగితం ఒకటి ఇచ్చింది.

పుష్పమ్మ బడికి పోలేదు. సికింద్రాబాద్ స్టేషన్లో బోర్డులు చూపించి పెనిమిటి బ్రహ్మచారి నేర్పిన అక్షరాలే ఆమె చదువు. ఆ చదువుతోనే కాగితాన్ని కూడబలుక్కుంటూ ఆఖరిదాకా చదివింది. అడుగున లావు అక్షరాలున్నాయి. రెండు కాళ్లూ తిమ్మిరెక్కినా, కూర్చునే చోట స్పర్శ పోయినా, మూత్రం రాకుండా ఆగిపోయినా వెంటనే ఆస్పత్రికి రావాలని. ఆగితే ఏమవుతుందని అడిగింది. కాళ్లు మళ్లీ రాకపోవచ్చు అంది డాక్టరు. లేవబోతూ, జనం నడుముల మీద కాలు పెట్టొచ్చునా అని కూడా అడిగింది. సృజన నవ్వలేదు. ఎవరి నడుములో ఏముందో తెలియకుండా పెట్టొద్దంది.

నలభై ఏళ్ల పనిని నిన్నమొన్నటి పిల్ల ఒక్కమాటతో కొట్టేసిందని దారి పొడుగునా పుష్పమ్మ గొణిగింది. ఇంటికొచ్చాక ఎవరికీ చెప్పనని కోడలితో ఒట్టు వేయించుకుంది. ఆదివారం వచ్చినవాళ్లకు నలభై రోజుల మొక్కుంది, ఎవరినీ తాకకూడదని అబద్ధం చెప్పింది. తలుపు గడియపెట్టి చాపమీద బోర్లా పడుకొని, మోచేతుల మీద ఛాతీ లేపి పదిదాకా లెక్కపెట్టేది. గోడ పట్టుకొని వేళ్లు పైకి లేపాలని చూసేది. అవి లేచేవి కావు. అప్పుడిక కాలితోనే పోట్లాట.

"నలభై ఏండ్లు నీకు దండాలు పెట్టిచ్చిన. ఇప్పుడు నన్నే సతాయిస్తవా? నువ్వో నేనో తేల్చుకుందాం పా."

కసరత్తులు మొదలుపెట్టిన మూడో వారంలో, పొద్దున తొమ్మిది గంటలప్పుడు, ఆటో లక్ష్మణ్ బండి నేరుగా ఆమె గడప ముందే ఆగింది. వెనక సీట్లోంచి ఇద్దరు మనుషులు అమ్మిరాజును దించారు. సందు చివర కర్రీ పాయింట్ అతనిది. భీమవరం వైపు నుంచి వచ్చి పన్నెండేళ్లుగా ఇక్కడే ఉంటున్నాడు. మొన్న సాంబారు డేక్సా ఎత్తుతూ కూలబడ్డాడట, ఈ పొద్దున మంచం దిగలేకపోయాడట. భార్య లీలాకుమారి వెనకే పరుగెత్తుకొచ్చింది. అతన్ని గడప మీద బోర్లా పడుకోబెట్టారు. ఇరుగుపొరుగు వచ్చి చుట్టూ మూగారు.

మొక్కు సంగతి చెప్పబోయిన పుష్పమ్మ చూపు అతని పాదాల మీద పడింది. రెండూ తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి. ఆమె చెయ్యి చాచి తొడమీద గట్టిగా గిల్లింది. అమ్మిరాజు కదల్లేదు. ఒంటికి పోయాడా అని లీలాకుమారిని అడిగింది. మగవాళ్లు మొహాలు తిప్పుకున్నారు. నిన్న సాయంత్రం నుంచి లేదని లీలాకుమారి నేల చూస్తూ చెప్పింది.

కాగితం అడుగున ఉన్న లావు అక్షరాలు పుష్పమ్మ కళ్ల ముందు మెదిలాయి. దవాఖానకు తీసుకుపొమ్మంది, ఇప్పుడే.

లక్ష్మణ్ ఒప్పుకోలేదు. "ఒక్కపారి కాలు పెట్టమ్మా, తర్వాత తీస్కపోతం. నీదేం పోతది?"

నిజానికి పోయేదేమీ లేదు. మూడుసార్లు పాదం ఆనిస్తే అందరూ తృప్తిపడతారు, మొక్కు ఉండి కూడా చేసిందని పేరూ వస్తుంది. కానీ కాలు తగిలాక ఈ మనిషి కొంచెం నయంగా ఉందంటాడు. సాయంత్రం దాకా చూద్దామంటారు. ఆ గంటలు ఎవరు తెచ్చిస్తారు?

లీలాకుమారి ఆస్పత్రి మాటకే బెదిరిపోయింది. "కరోనాలో మా అన్నయ్యని అలాగే తీసుకెళ్లారు పిన్నిగారూ. మళ్లీ చూడలేదు."

ఆ ఏడే పుష్పమ్మ పెనిమిటి బ్రహ్మచారినీ అంబులెన్సులో ఎక్కించారు. వెంట ఎవరూ రావొద్దన్నారు. ఆమె ఇదే గడపలో నిలబడిపోయింది. ఆయన తలుపు సందులోంచి చెయ్యెత్తాడు. నాలుగో రోజు ఫోను వచ్చింది. పంపించడమంటే ఏమిటో ఈ సందులో ఆమెకన్నా ఎక్కువ తెలిసినవాళ్లు లేరు.

అంతలో లీలాకుమారి వంగి ఆమె కుడి పాదాన్ని రెండు చేతులా పట్టుకుంది. ఎత్తి మొగుడి వీపు మీద పెట్టబోయింది. పుష్పమ్మ తూలి ద్వారబంధం పట్టుకుంది.

"ఇడ్సు బిడ్డా. నువ్వు పట్టుకున్నవని కంటికి కనబడుతుంది గానీ, ఆ పాదానికి తెలుస్తలేదు."

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తి, వేళ్లు లేపమని కాలికి ఆజ్ఞ ఇచ్చినట్టు చూసింది. అవి కదల్లేదు. అందరూ చూశారు.

"సచ్చిన కాలు ఇది. మూడు నెలల సంది నాకే నడుం నొప్పి. మొక్కు లేదు, మంత్రం లేదు. నేనే డాక్టర్ దగ్గరికి పోయి మందులు మింగుతున్న."

పక్కింటి లచ్చమ్మ ఊరుకోలేదు. "మరి మొన్నటిదాంక మమ్ముల తొక్కిందేంది?"

"తొక్కిన. తప్పే. సాయంత్రం అందరొచ్చి తిట్టున్రి, అరుగు మీదనే ఉంట. లక్ష్మణ్, ఆటో తిప్పు."

లీలాకుమారి ఇంకా కదల్లేదు. అప్పుడు పుష్పమ్మ తానే పోయి, లక్ష్మణ్ పక్కన ముందు సీటు అంచున సగం ఆని కూర్చుంది. నేనూ వస్తున్నా, ఎక్కమంది. ఆ మాటతో లీలాకుమారి ఎక్కి, మగవాళ్లు వెనక సీట్లోకి చేర్చిన మొగుడి తల ఒళ్లో పెట్టుకుంది.

స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా నొప్పి తీగలా బొటనవేలి దాకా లాగింది. ఇనుప కడ్డీ పట్టుకొని పుష్పమ్మ నోరు మూసుకుంది. ఆస్పత్రి గేటు దగ్గర కాపలా మనిషి, పేషెంటు వెంట ఒక్కరే రావాలన్నాడు. పుష్పమ్మ కుంటుతూ నడవడం చూసి, నువ్వు పేషెంటువా, వెంటొచ్చిన మనిషివా అని వెటకారంగా అడిగాడు. రెండూనని చెప్పి, అతని చేయి పక్కకు తోసి లోపలికి పోయింది. ఆపరేషన్ గది తలుపు మూసేదాకా లీలాకుమారి భుజం వదల్లేదు.

ఆ మధ్యాహ్నమే కోశారు. వేళకు తెచ్చారని, అయినా ఎంత బలం వస్తుందో ఇప్పుడే చెప్పలేమని అన్నారు. నెల తిరిగేసరికి అమ్మిరాజు వాకర్ పట్టుకొని కర్రీ పాయింట్ ముందు కుర్చీలో కూర్చుంటున్నాడు. మూత్రం తిప్పలు తీరాయి. ఎడమ పాదం ఇంకా ఈడుస్తున్నాడు.

సందు మాత్రం క్షమించలేదు. చచ్చిన కాలితో మోసం చేసిందని లచ్చమ్మ కుళాయి దగ్గర చెప్పని రోజు లేదు. పుష్పమ్మ తలుపు గడియ పెట్టడం మానేసింది. చాప తెచ్చి అరుగు మీదే పరిచి, దారినపోయేవాళ్లు చూస్తుండగానే బోర్లా పడుకొని ఛాతీ లేపేది. ఆరు వారాలకు బొటనవేలు బియ్యపుగింజంత పైకి లేచింది. ప్రస్తుతానికి కోత అక్కర్లేదంది సృజన. నొప్పి మొత్తం పోతుందని మాత్రం మాటివ్వలేదు.

ఒక ఆదివారం అల్వాల్ నుంచి కాంతమణి అనే ఆమె నడుము పట్టుకొని వచ్చింది. ఈ సంగతులేవీ ఆమె చెవిన పడలేదు. అడగకుండానే గడప మీద పడుకుంది. పుష్పమ్మ ఆమెను లేపి, నొప్పి కాలిలోకి దిగుతోందా, ఒంటికి సరిగా పోతున్నావా, తిమ్మిరి ఎక్కడిదాకా అని ఒక్కొక్కటే అడిగింది. ఎడమకాలిలోకి పిక్కదాకా దిగుతోందట, మిగతావేవీ లేవట. డాక్టరు చిరునామా చెప్పి, తన దగ్గర మహిమ ఏమీ లేదంది.

"గింత దూరమొచ్చిన, ఊకెనే పొమ్మంటవా అక్కా?"

ఊకెనే ఎందుకు, పెద్ద రోడ్డు దాకా నడుద్దాం రమ్మంది పుష్పమ్మ. ఇద్దరూ బయల్దేరారు. ఈమె కుడికి కుంటితే ఆమె ఎడమకు కుంటింది. నాలుగు అడుగులకోసారి భుజాలు గుద్దుకున్నాయి.

గుమ్మంలో బియ్యం చెరుగుతున్న లచ్చమ్మ చాట ఆపింది. "ఏం పుష్పమ్మా, తొక్కుడు బందువెట్టి నడిపిచ్చుడు షురూ జేసినవా?"

"నువ్వు సుత రా. నీ మోకాళ్లు ఇంట్ల గూసోని ఏం జేస్తున్నయ్?"

లచ్చమ్మ ఏదో అంది. పుష్పమ్మ వినిపించుకోలేదు. ఇస్త్రీ బండి దగ్గర ఒక్క నిమిషం ఆగి, గోడకు చేయి ఆనించి, తొడలో లాగుడు తగ్గేదాకా ఊపిరి పీల్చుకుంది. ఇంక తిరిగిపోదామా అని కాంతమణి అడిగింది. ఇంకా ఉంది దారి అని, పుష్పమ్మ కుడికాలే ముందు వేసింది.