రెండో మనిషి చూపు

1974 డిసెంబరు ఒకటో తారీఖు, ఆదివారం. ఆ రోజు తెనాలిలో కుసుమకుమారి ఇంట్లో నాటుకోడి పులుసు, గారెలు, వంకాయ కొత్తిమీర కారం, గడ్డపెరుగు. మగవాళ్ళు తిని, అత్తగారు తిన్నాక కుసుమ కంచంలోకి వచ్చింది అడుగున మిగిలిన పులుసూ, విరిగిన గారెలూ. ఆ రోజు వంట ఆమెకు అలా గుర్తుండిపోవడానికి రుచి కారణం కాదు. హైదరాబాదు నుంచి వచ్చిన పూర్ణచంద్రరావు గారు గారె తుంచుకుంటూ అడిగిన ఒక మాట కారణం.

"ప్రకాశరావు గారూ, రెండోసారి చూడటం ఎంతవరకూ వచ్చిందండి?"

"అయిపోవచ్చిందండి. ఇంకో నెల," అన్నాడు ఆమె భర్త, విస్తట్లోంచి తల ఎత్తకుండా.

కుసుమ చేతిలో గరిటె ఆగిపోయింది. రెండోసారి చూడటం ఇంకా మొదలే కాలేదు.

ప్రకాశరావు బాపట్లలో ఒక కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. పొద్దున్నే పాసింజరు బండికి వెళ్ళి దీపాలు పెట్టే వేళకు వస్తాడు. పూర్ణచంద్రరావు గారి దగ్గర డాక్టరేటుకి పేరు నమోదు చేసుకున్నాడు. ఆయన లేబొరేటరీ కుసుమకి కొత్తది కాదు. బీయస్సీ పాసయ్యాక, పెళ్ళికి ముందు, రెండేళ్ళు ఆమె అక్కడే పనిచేసింది. అక్కడివాళ్ళు పెద్ద బెలూనుకి ఒక పెట్టె కట్టి, గాలి పలచబడేంత ఎత్తుకి పంపేవారు. ఆకాశం నుంచి వచ్చే కణం ఏదైనా ఆ పెట్టెలోంచి దూసుకుపోతే, అది పోయిన దారి వెంట నిప్పురవ్వలు లేచేవి. కెమెరా వాటిని ఫొటో తీసేది. ఆ ఫిల్ము చుట్టల్ని చీకటి గదిలో, ప్రొజెక్టరు కింద తెల్ల బల్ల మీద ఒక్కొక్క బొమ్మే చూడటం ఆడపిల్లల పని. బొమ్మల్లో చాలావరకు పైనుంచి కిందికి తిన్నగా దిగిన గీతలే. వాటిని వదిలెయ్యాలి. గామా కిరణం అలా గీత గియ్యదు. వస్తున్నట్టే తెలియకుండా వచ్చి, పెట్టె మధ్యలో ఎక్కడో రెండుగా చీలిపోతుంది. ఏమీ లేనిచోట ఒక చుక్క, దానిలోంచి కిందికి రెండు గీతలు, పంగలకర్ర తిరగేసి పెట్టినట్టు. వందల బొమ్మలకి ఒకసారి అది కనిపిస్తే కుసుమకి ఊపిరి ఆగినంత పనయ్యేది. ఏ నక్షత్రాల గుంపులోనో బయలుదేరి ఎన్ని వేల ఏళ్ళు ప్రయాణం చేసిందో, వచ్చి వచ్చి తన బల్ల మీద దిగింది. పక్క బల్ల దగ్గర ఇమాం బీ, "దొరికిందా కుసుమా? నీ మొహం వెలిగిందిలే" అని చీకట్లోనే కనిపెట్టేది.

పెళ్ళయ్యాక ఆ వెలుగు ఆమె మొహంలోకి మళ్ళీ రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. అదీ భర్త డాక్టరేటు పుణ్యమా అని. ఫిల్ములు ప్రొజెక్టరుతో సహా తెనాలికి వచ్చాయి. ప్రకాశరావు వాటిని ధాన్యం కొట్లో పెట్టించి, "నీకు అలవాటున్న పనేగా. పిల్లా జెల్లా లేరు, పొద్దుపోతుంది" అన్నాడు. పొద్దుపోవడానికి కుసుమకి వేరే సాయం అక్కర్లేదు. తెల్లవారకముందే లేచి కారియరు కట్టడం దగ్గర్నుంచి, మజ్జిగ చిలికి, పాలేళ్ళకి అన్నాలు పెట్టి, గిన్నెలు బోర్లించేసరికి మధ్యాహ్నం అయ్యేది. అయినా ఆ తర్వాత దొరికే కాసిన్ని గంటల కోసం ఆమె పొద్దున్నుంచీ లోపల్లోపల పరిగెత్తేది. కిటికీకి గోనె కట్టిన కొట్లో, వడ్ల వాసన మధ్య, తెల్ల బల్ల మీద గీతలు వెలిగేసరికి నడుం నొప్పి ఎటు పోయేదో.

అత్తగారు ధనమ్మకి రేపల్లెలో ఇల్లూ కాస్త తోటా ఉన్నాయి. పని ఉంటే అక్కడ, ఒంట్లో బాగుండకపోతే ఇక్కడ. "ఆ చీకట్లో ఏం చూస్తావే, దెయ్యాలనా?" అని మొదట్లో వేళాకోళం చేసేది. తర్వాత తర్వాత గడపలో పీట వేసుకు కూర్చుని, పక్కింటి సుల్తాన్ బీ పిలిస్తే, "కోడలు పడుకుంది, రేపు రా" అని పంపించేసేది. అలా కుసుమకి వీధిలో పగటినిద్ర కోడలన్న పేరొచ్చింది. ఆ పేరు ఎంత దయతో వచ్చిందో తెలుసు గనక కుసుమ పట్టించుకోలేదు.

ఆ పనికి ఒక కట్టుబాటు ఉంది. ప్రతి ఫిల్మునీ ఇద్దరు చూడాలి. ఒకరు గుర్తు పెట్టినవి ఇంకొకరికి తెలియకూడదు. ఎంత మంచి కళ్ళయినా కొన్నిటిని వదిలేస్తాయి. ఇద్దరికీ దొరికినవి ఎన్ని, ఒక్కరికే దొరికినవి ఎన్ని అని పోల్చి చూస్తే, ఇద్దరూ వదిలేసినవి ఎన్నుంటాయో అంచనా కట్టవచ్చు. కనిపించనివాటికి లెక్క అలా వస్తుంది. ఈసారి ఆ లెక్క మరీ ముఖ్యం. హంస రాశి అనే నక్షత్రాల గుంపులో ఒకచోట కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి. మన సూర్యుడి కన్నా ఎన్నో రెట్లు బరువైనవి, ధారాళంగా వెలిగి తొందరగా ఆరిపోయేవి. గామా కిరణాలు అటువైపు నుంచి ఎక్కువగా వస్తున్నాయా అన్నది ప్రశ్న. వచ్చినా తేడా చాలా కొద్దిగా ఉంటుంది. చూసే కళ్ళలో లోపం ఎంతో తెలియకపోతే, ఆ కొద్ది తేడా ఉందో లేదో చెప్పలేరు. మొదటిసారి కుసుమ చూసింది. రెండోసారి ప్రకాశరావు చూడాలి.

భోజనాలయ్యాక పూర్ణచంద్రరావు గారు చేతులు తుడుచుకుంటూ, "ఈ ఏడు మా దగ్గర చూసేవాళ్ళు చాలడం లేదు. కుసుమ లాంటి మనిషి నాలుగు నెలలు వచ్చి కూర్చుంటే బావుండును. జీతం ఇస్తాం, ఉండటానికి ఇమాం బీ వాళ్ళిల్లు ఉండనే ఉంది" అన్నారు.

ఆ మాట కుసుమ వైపు చూసి అన్నారు. జవాబు మాత్రం ప్రకాశరావు దగ్గర్నుంచి వచ్చింది. "ఆవిడకెక్కడ కుదురుతుందండి! రెండ్రోజులు పుట్టింటికి వెళ్తేనే ఇక్కడ మంచినీళ్ళు పుట్టవు." అందరూ నవ్వారు. కుసుమ కూడా నవ్వింది. నవ్వుతూనే తాంబూలం పళ్ళెం తీసుకొచ్చింది.

ఆయన్ని బండి ఎక్కించి వచ్చి, ప్రకాశరావు చొక్కా విప్పుతూ అన్నాడు. "రేపట్నుంచి రెండోది కూడా నువ్వే కానిచ్చెయ్. కాగితాల పైన నా పేరు రాయి."

"మీరు చూడాల్సింది కదండీ?"

"నాకెక్కడ టైముందే? థీసిసులో నీ పేరు వేస్తున్నాగా." వేస్తున్న మాట నిజమే. ముందుమాట చదివి వినిపించాడు కూడా. ఎంతో ఓర్పుతో సహకరించిన నా భార్యకి కృతజ్ఞతలు అని ఉంది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె కొట్లో కూర్చుని మొదటి చుట్ట ఎక్కించింది. కాసేపటికి ఒక పంగ కనిపించింది. కాదు, బొమ్మ రాకముందే పెన్సిలు అక్కడికి వెళ్ళింది. ఆ పంగ ఆమెకు గుర్తుంది. ఎడమ కాలు కాస్త వంకర. ఉతికి ఆరేసిన బట్టల్లో ఏ చీర చిరుగు ఎక్కడుందో తెలిసినట్టు, ఆ బొమ్మలన్నీ ఆమెకు తెలుసు. మొదటిసారి ఏ మూల రెప్ప వాల్చిందో, రెండోసారీ సరిగ్గా అక్కడే వాలుస్తుంది. అప్పుడు రెండు లెక్కలూ ఒక్కలాగే వస్తాయి. చూసినవాళ్ళు ఒక్కటీ వదల్లేదని లోకం నమ్ముతుంది. హంస రాశి నుంచి నిజంగా వచ్చినవీ రానివీ ఆ అబద్ధం కింద కలిసిపోతాయి, ఇంకెవరూ విడదీయలేకుండా. ఆమె ప్రొజెక్టరు ఆర్పేసి చీకట్లో కూర్చుంది.

ఏళ్ళ తరబడి ఎవరేమన్నా ఆమె ఓర్చుకుంది. వంటకి వంక పెట్టినా, చదువుకి వంక పెట్టినా. అవి తన మీద పడేవి గనక ఓర్చుకోవచ్చు అనుకునేది. ఇది తన మీద పడేది కాదు. ఎంతో దూరం నుంచి ఒక ఆనవాలైనా లేకుండా నడిచివచ్చి, ఎవరైనా చూస్తారేమో అని క్షణంసేపు రెండు గీతలై నిలబడిన దాని మీద పడేది.

దండెం మీది బట్టలు తియ్యడానికి ఆ సాయంత్రం మేడ మీదికి వెళ్తే, వాయవ్యంలో హంస పడమటికి వాలుతోంది. కొబ్బరి మట్టల మీదుగా హంస తోక దగ్గరి నక్షత్రం ఒక్కటే బాగా కనిపిస్తోంది. బట్టలు చేతిలో పెట్టుకుని దాన్నే చూస్తూ నిలబడిపోయింది. హైదరాబాదులో ఆ చీకటి గది, ఇమాం బీ గొంతు, బల్లల మీద వంగిన తలలు, ఆ తలల్లో తనదీ ఒకటి. ఆ కోరిక ఎంత గట్టిగా వచ్చిందంటే, ఎవరో చెయ్యి పట్టి లాగినట్టే అయింది.

రాత్రి భోజనాల దగ్గర ప్రకాశరావు అడిగాడు. "ఎంతవరకూ వచ్చింది?"

"రాలేదండి. ఇక రాదు కూడా. ఆ రెండో మనిషిని నేను కాలేను."

"అదేంటి?"

"ఒకసారి చూసినదాన్నే మళ్ళీ చూస్తే ఇద్దరు చూసినట్టు కాదు కదండీ."

అతను నవ్వాడు. బుజ్జగింపుగానే నవ్వాడు. "ఎవరికి తెలుస్తుందే? నువ్వు చూస్తే నేను చూసినట్టు కాదూ? మనిద్దరం వేరా?"

కుసుమ అతని కంచంలో మజ్జిగ పోసి, గిన్నె కింద పెట్టింది.

"ఈ పనికి వేరుగానే ఉండాలండి."

గొంతు పెంచలేదు. అయినా కూరగిన్నె జరుపుకుంటున్న ధనమ్మ చెయ్యి ఆగింది.

"పూర్ణచంద్రరావు గారికి ఉత్తరం రాస్తాను. నాలుగు నెలలు వచ్చి పనిచేస్తానని. ఈ ఫిల్ములూ తీసుకెళ్తాను. రెండోసారి ఇమాం బీ చూస్తుంది, నా గుర్తులు తనకి చూపించను. మీ డాక్టరేటు ఆగదు. మొదట చూసింది నేనని రాయండి. ఓర్పు సంగతి తీసేయండి."

"ఆయనకి నా మొహం ఎలా చూపించమంటావ్?"

"మీకు తీరలేదని రాస్తాను. అది నిజమేగా."

"వెళ్ళనివ్వకపోతేనో?"

"అడగటం లేదండి. చెబుతున్నాను."

ప్రకాశరావు తల్లి వైపు చూశాడు. ధనమ్మ తాపీగా మజ్జిగ తాగి, మూతి తుడుచుకుంది. "నన్ను చూస్తావేంట్రా? నేనిక్కడుంటా, కూరా చారూ పడేస్తా. తెల్లారకుండా లేచి కారియరంటే మాత్రం నావల్ల కాదు. బాపట్లలో హోటళ్ళు లేవా? నాలుగు నెలలకి చిక్కిపోవులే."

కుసుమ వంటిల్లు కడిగి, చేతులు తుడుచుకుని, ముందు గదిలో బల్బు కింద కూర్చుని ఉత్తరం మొదలుపెట్టింది. సంతకం దగ్గర తన పూర్తిపేరు రాసి చాలా కాలమైంది. మొదట పెన్ను తడబడింది.

ప్రకాశరావు పడక్కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆ ఇంట్లో రాత్రిపూట వీధి తలుపు వెయ్యడం ఆఖర్న పడుకునే మనిషి పని. ఆ మనిషి ఎప్పుడూ కుసుమే. ఉత్తరం మడిచి ఆమె లేవబోతుంటే అతను లేచాడు. ఆమె వైపు చూడకుండా వసారాలోకి నడిచాడు. గొళ్ళెం ఎంత ఎత్తులో ఉంటుందో తెలియక తలుపు మీద కాసేపు తడుముకుని, చప్పుడు కాకుండా వేశాడు.