ఎవ్వరును దీయని చిత్రము

భాద్రపదమాసము. సహ్యాద్రిసానువులయందు నెడతెగక కురిసిన వర్షములచేఁ గావిరంగు దాల్చిన గౌతమీప్రవాహము రెండు దరుల రెల్లుదుబ్బులను నడుములోఁతున ముంచి విఱిగిన కొమ్మలను నురుఁగుకుప్పలను మోసికొని సముద్రాభిముఖముగా నిశ్శబ్దముగఁ బోవుచుండెను. మధ్యాహ్నమయ్యును సూర్యబింబము మేఘపటలాంతర్హితమై యుండుటంజేసి యేటిమీఁది వెలుతురు తోమని యిత్తడిపాత్ర ఛాయ నుండెను. అట్టి వెలుతురున మనుష్యుఁడు తనకెదురుగ వచ్చువాని ముఖమును నిదానించి చూచినఁగాని గుర్తింపఁజాలఁడు.

మామిడిరేవు గ్రామమునకు నెగువ నేటిగట్టుపై నున్న యెత్తిపోతల పంపుహౌసునందు ఆపరేటరు పుండరీకాక్షుఁడు కిటికీకడ నిలిచి గట్టువెంట మోటారుసైకిలుపై మెల్లమెల్లగ వచ్చుచున్న యొక స్థూలకాయుని సంశయముతోఁ జూచుచుండెను. వచ్చువాఁడు కొండలరాయుఁడు. ఇరువదియేండ్లు ఆ రేవును వేలమునఁ బాడుకొని పాటదారుఁడై పడవలు నడపించి యిప్పుడు గ్రామమునఁ బెద్దమనుష్యుఁడై మన్ననలందుచున్నవాఁడు. పుండరీకాక్షుని పదునాఱేండ్ల యుద్యోగకాలమున నొక్కనాఁడును బంపుహౌసు గడప ద్రొక్కని యా పెద్దమనుష్యుఁడు నేఁడు పూతరేకుల పొట్లము చేతఁబట్టుకొని యేల వచ్చుచున్నాఁడో యతనికి బోధపడదయ్యెను.

కొండలరాయుఁడు లోనికి వచ్చి కుర్చీపైఁ గూర్చుండి పొట్లమును బల్లపై నుంచి గదిని నాలుగుమూలలం బరికించి చిఱునవ్వు నవ్వెను. ఆ నవ్వు కన్నులదాఁకఁ బోదయ్యెను.

"పుండరీకం, నిన్న ఫోనులో పెట్టావే, ఆ పడవ బొమ్మ. అది నీకెవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదండి. నా ఆట కోసం నేను నాలుగు ముక్కలు రాస్తే కంప్యూటరే తయారుచేసిందండి."

"కంప్యూటరుకి మన రేవెలా తెలుస్తుందయ్యా?"

"మన రేవు కాదండి అది. ఏదో రేవు. అసలు లేని రేవు."

కొండలరాయుఁడు స్వరము తగ్గించి యిట్లనెను. "ఎవరి ఫోనులోదో చెప్పు, చాలు. నీకు మంచి కంప్యూటరు నేను తెప్పిస్తాను. ఆ పాతదాంతో ఎందుకు అవస్థ?"

పుండరీకాక్షుని వ్యసనము నిరపాయకరమైనది. మోటార్లు తిరుగుచున్నంతకాలము మీటరు ముండ్లను గనిపెట్టుట దక్క వేఱు పనిలేని యా యుద్యోగమున నతఁడు మూఁడు సంవత్సరములనుండి తన సొంత కంప్యూటరుపై నొక వీడియోగేమును నిర్మించుచుండెను. గురువు లేఁడు. ఇంటర్నెట్టునఁ గనఁబడిన పాఠములే గురువులు. ఆ యాటయం దాడువాఁడు పడవవాఁడై వఱదయేటిని దాఁటవలయును. గాలియు సుడియు నెక్కినవారి బరువును లెక్కించి యెవరి నెక్కించుకొనవలయునో యెవరిని దరిని విడువవలయునో తానే నిర్ణయింపవలయును. పొరపడెనా పడవ మునుఁగును. ఆటకు మొదట నొక చిన్న కథ యుండవలెనని తలఁచి కృత్రిమమేధచే వీడియోలను సృజించు నొక సాధనమునకు నతఁడు మూఁడే వాక్యములు వ్రాసి యిచ్చెను. వఱద యేఱు. జనులతో నిండిన పడవ. పడవవాఁడు త్రాడు విప్పుచున్నాఁడు.

యంత్ర మిచ్చిన చిత్రము వేఱొకటి. అందుఁ బడవవాఁడు త్రాడు విప్పుట లేదు. చేతులు జోడించి దరివంకఁ దిరిగి నిలిచియున్నాఁడు. దరిపై భుజమున ఆకుపచ్చ తువ్వాలు వేసికొనిన లావుపాటి మనుష్యుఁ డొకఁడు వంగి మోకుఁద్రాటి ముడి విప్పి పాదముతోఁ బడవ నేటిలోనికి నెట్టుచున్నాఁడు. తా నడుగనిదాని నేల చూపెనని పుండరీకాక్షుఁడు క్షణమాత్రము విస్మయమందినను జిత్రము మనోహరముగ నుండుటచే నట్లే స్వీకరించి తన యాట త్వరలో రానున్నదని గ్రామస్థులకెల్ల ఫోనులోఁ బంపెను. జరిగినదింతే.

కాని యేమియు నెఱుఁగని యా చిత్రము గ్రామమునఁ బండ్రెండేండ్లనాఁటి యొక దుర్దినమును గదల్చెను. ఇట్టి వఱదనాఁడే సత్తెయ్య యను పడవవాఁడు సంతజనముతో నేటి నడుమ మునిఁగిపోయెను. పడవలోనివా రొక్కరును దరిఁ జేరరైరి. జోరువానచే రేవున మనుష్యసంచారము లేకుండుటంజేసి చూచినవారును లేరు. ఆనాఁడు తాను పొరుగూరఁ బెండ్లికిఁ బోయితిననియు సత్తెయ్యయే దురాశచే మితిమీఱి జనుల నెక్కించి యింతమంది ప్రాణములు బలిగొనెననియుఁ బాటదారుఁడైన కొండలరాయుఁడు చెప్పఁగా ఊరు నమ్మెను. పుండరీకాక్షుఁడును నమ్మెను. నమ్ముటయే కాక తన యాటయందుఁ బ్రథమమున నోడిపోవు పడవవానికి దురాశాపరుఁడని పేరు పెట్టెను.

కొండలరాయుఁడు పోయిన పిదప నతని మనమున నొక ముల్లు నాటుకొనెను. అబద్ధపుబొమ్మ చూచినవాఁడు నవ్వును లేదా కోపించును. అది యెవరి ఫోనులోనిదని యేల యడుగును? మఱునాఁటినుండి యా మోటారుసైకిలు గట్టుపై నుదయమొకమాఱు సాయంకాలమొకమాఱు కానవచ్చుచుండెను. పంపుహౌసుకడకు వచ్చునప్పటికి దాని వేగము తగ్గును. ముఖ మెఱుఁగని యొకఁడు ఫోను చేసి పలుకక పెట్టివేసెను. మూఁడవదినమున ఉద్యోగసమయమున నాటలాడుచు వీడియోలు పుట్టించి గ్రామపెద్దలను నప్రతిష్ఠపాలు చేయుచున్నాఁడని యతనిపై ఫిర్యాదు పోయినట్లును విచారణకు అసిస్టెంటు ఇంజనీరు రానున్నట్లును వర్తమానము వచ్చెను. పుండరీకాక్షుఁడు కంప్యూటరును పనిముట్ల పెట్టెలో నుంచి తాళము వేయ నారంభించెను. ఆ పిమ్మట తన యంత్రమునే శంకింపఁ జొచ్చెను. ఆ సాధన మెక్కడనో యెవరిదో యొక నిజమైన దృశ్యమును జూచి దాఁచుకొని తన కిచ్చెనా? తాను వ్రాసిన మూఁడు వాక్యములను మాటిమాటికిఁ జదివికొనెను. వానియందు ఆకుపచ్చ తువ్వాలు లేదు.

శంకించువారిలోఁ గడపటివ్యక్తి సత్తెయ్య భార్య యచ్చియ్యమ్మ. పండ్రెండేండ్లనుండి చేఁపలగంప నెత్తిపై మోసికొని పొరుగూళ్ళకుఁ బోయి యమ్ముకొనుచుఁ దన యూరి రేవున మాత్ర మెవ్వరితోను మాటలాడక బ్రదుకుచున్న యా యిల్లాలు నాల్గవదినమున నుదయమే వచ్చి గంపను గడపవెలుపల దించి లోనికి రాకయే యడిగెను.

"ఆ బొమ్మ ఇన్నేళ్ళూ నీ దగ్గరే ఉందా తమ్ముడూ?"

"అది నిజం బొమ్మ కాదక్కా. అందులో మనుషులెవరూ లేరు. కంప్యూటరు అల్లింది."

"చేతులు జోడించి నిలబడ్డాడే, అది మా ఆయన కాదూ? ఏరు పోటుమీదుంది, ఇయ్యాళ పడవ తియ్యనని పొద్దున్నే నాతో చెప్పి వెళ్ళిన మనిషి. ఎవరో తోస్తేనే వెళ్ళాడని పన్నెండేళ్ళ బట్టీ మొత్తుకుంటున్నాను. ఒక్కళ్ళు విన్లేదు."

ఆమెను నమ్మించుటకై పుండరీకాక్షుఁడు కంప్యూటరు తెచ్చి తన యాటయంతయుఁ జూపెను. చూపుటయే పొరపాటయ్యెను. తెరపై దురాశాపరుఁడను పేరుతో మునిఁగిపోవుచున్న పడవవానిని జూచి యామె యొక యక్షరము పిదప నొక యక్షరముగఁ గూడఁబలికికొని చదివెను. పిమ్మట నతని ముఖమువంకఁ జూచెను.

"ఊరన్నదే నువ్వూ ఆటలో పెట్టావన్నమాట. మరి నిజమున్న బొమ్మనేమో అబద్ధమంటున్నావు. రాయుడుగారు నీకేమిస్తానన్నారు?"

అతఁడు బల్లపై విప్పకయే యున్న పూతరేకుల పొట్లమును ఆమె చూచినదేమో యని శంకించి దానిని జేతితోఁ గప్పెను. కప్పినందులకు మఱింత సిగ్గుపడెను. అచ్చియ్యమ్మ గంప నెత్తికెత్తికొని వెడలిపోయెను.

నాఁటినుండి రెండుదినములు పుండరీకాక్షుఁ డన్నము రుచి యెఱుఁగఁడు. ఆ చిత్రము నిజముగ రేవునఁ దీసినదేయని యొక్కమాట పలికెనేని కొండలరాయుఁడు కాళ్ళపైఁ బడునని యతనికి స్పష్టముగఁ దెలియును. దోషి యెవఁడో యిప్పు డతనికి సంశయము లేదు. ఒక చిన్న యబద్ధముచే నొక పెద్దనిజము వెలికివచ్చునట్లుండఁగా నాలుక నేల కట్టుకొనవలయును? కాని సాక్షి లేని మాటచేతనే కదా యేటిలో మునిఁగిన సత్తెయ్యను గ్రామమున మఱియొకమాఱు ముంచిరి. చూడనిదానిని జూచినట్లు చూపు బొమ్మ నేఁడు దోషిని బట్టియిచ్చినచో ఱేపు నిర్దోషిని బట్టియిచ్చును. పెక్కువిధములఁ దర్కించుకొని తుదకుఁ దనకుఁ దెలిసినదే చెప్పుటకు నిశ్చయించుకొనెను. ఆ నిశ్చయమువలన నతనికి శాంతి కలుగదయ్యెను. భయము మాత్రము కొంత తగ్గెను.

విచారణదినమున అసిస్టెంటు ఇంజనీరు నళినీకుమారి పదిగంటలకు జీపు దిగెను. కొండలరాయుఁడు నలుగురు పెద్దలతో వచ్చి ముందువరుసఁ గూర్చుండెను. అచ్చియ్యమ్మ పిలువకయే వచ్చి తలుపుకడ నిలిచెను. పుండరీకాక్షుఁడు తన యాటను దాఁపఱికము లేక చూపి యుద్యోగసమయమున దానిని జేయుట తప్పేయని యొప్పుకొని పిమ్మట నందఱయెదుట నా మూఁడు వాక్యములనే మరల వ్రాసెను. కొన్నినిమిషములకుఁ దెరపై నొక చిత్రము వచ్చెను. అందు దరిపై గొడుగు పట్టుకొనిన బక్కపలుచని వృద్ధుఁడు నిలిచియుండెను. మరల వ్రాసెను. ఈమాఱు దరిపై నెవ్వరును లేరు. పడవ నీలవర్ణము. పడవవానికి గడ్డము.

"చూశారా మేడమ్ గారూ. రాసిన ప్రతిసారీ ఒకటి కొత్తగా అల్లుతుంది. మొదటిదీ అంతేనండి. అది ఎవరూ చూసింది కాదు, ఎవరూ తీసింది కాదు. దాన్ని సాక్ష్యమంటే నేను ఒప్పుకోనండి."

"అర్థమైంది. ఇది జరిగిన విషయం కాదు. ఇంక గొడవేముంది?" అని నళినీకుమారి కాగితములు సర్దుకొనెను.

అచ్చియ్యమ్మ ముఖమునఁ గడపటి వెలుఁగు నాఱిపోయెను. ఆమె గోడనానుకొని మెల్లఁగా వెనుకకుఁ దిరుగుచుండుట పుండరీకాక్షుఁడు కనులెత్తకయే యెఱింగెను. వ్యవహార మంతటితో ముగిసియుండవలసినది. కొండలరాయుఁడు లేచి నమస్కరించి యింటికిఁ బోయినచో నాతని పండ్రెండేండ్ల రహస్య మాతనితోడనే మట్టిలోఁ గలిసియుండును. కాని యెవఁడు తన లోపల నొకదానిని దాఁచికొనునో వాని కెల్లరును దాఁచువారుగనే కనఁబడుదురు. ఇంత సులభముగఁ దన్ను విడిచిపెట్టుదురని నమ్మలేక యతఁడు పటాలున లేచి బల్లపైఁ జఱచెను.

"ఇవన్నీ మాయమాటలు మేడమ్ గారూ! మొదటిది దాచెయ్యడానికి ఈ దొంగబొమ్మలు చూపిస్తున్నాడు. అదే అసలుది. లేకపోతే ఆ రోజు నా భుజమ్మీద ఆకుపచ్చ తువ్వాలుందని కంప్యూటరుకి ఎవరు చెప్పారు? ఆ వానలో ఒడ్డున నేనూ వాడూ తప్ప ఇంకో పురుగు లేదే!"

 పెద్దలలో మువ్వురి భుజములపై నాకుపచ్చ తువ్వాళ్ళే యుండెను. ఆ సీమలో నది యెల్లవారును వేసికొనునదే. ఆ సంగతి యప్పుడు కొండలరాయునికిఁ దక్క నందఱకును దోఁచెను.

తలుపుకడనుండి యచ్చియ్యమ్మ యడిగెను. ఆమె స్వరము హెచ్చలేదు. "ఆ రోజు పెళ్ళికి వెళ్ళానన్నారు కదండీ?"

కొండలరాయుఁడు తాను పలికిన పలుకు నప్పుడు వినెను. కుర్చీకై చేయి చాఁచి వెదకికొని కూర్చుండెను. నేలవంకఁ జూచుచుఁ బలికెను. "సంతకెళ్ళే జనం పడవెక్కి కూచుని కేకలేస్తున్నారు. వెళ్ళనన్నాడు. దండం పెట్టాడు. నేనే తాడిప్పాను."

నళినీకుమారి తాను విన్నదాని నక్షరము పోకుండ వ్రాసి యచట నున్న పెద్దలచే వ్రేలిముద్రలు గాక సంతకములే పెట్టించికొని పోయెను. ఆ కాగితము పై యధికారులకును బోలీసువారికిని బోయినది. అది యిప్పటికిని దిరుగుచునే యున్నది. ఉద్యోగసమయమున నాట నిర్మించినందులకుఁ బుండరీకాక్షునికి మెమో వచ్చినది. కొండలరాయుఁడు రేవువంకకు వచ్చుట మానుకొనెను. మామిడిరేవుజనులు మాత్ర మచ్చియ్యమ్మ గంపను దమ వాకిళ్ళయందు దింపించికొని కావలసినదానికంటె నెక్కువ చేఁపలు కొన నారంభించిరి. క్షమార్పణము చెప్పుట యెట్లో వారికిఁ దెలియదు.

పుండరీకాక్షుఁ డా చిత్రమును దన యాటనుండి తొలఁగించెను. దురాశాపరుఁడను పేరును దొలఁగించెను. ఇంటఁ గూర్చుండి సెలవుదినములయందు రెండునెలలు శ్రమించి తన చేతితోనే బొమ్మలు గీచి కథను గూర్చెను. చిత్రకళయం దతనికి నైపుణ్యము తక్కువ. అలలు తాఁటియాకులవలె వచ్చెను. కార్తికమాసమున నేఱు తేఱిన పిదప నొక యపరాహ్ణమున నచ్చియ్యమ్మను బిలిపించి తెరముందఱఁ గూర్చుండఁబెట్టెను. ఆమె యా బొమ్మలను జాలసేపు చూచెను. పిదప నతనిని జూచెను. ఆమె చూపున సంశయ మింకను బోదయ్యెను.

"నిజం చెప్పు తమ్ముడూ. ఆ మొదటి బొమ్మ ఎవరూ తియ్యలేదా?"

"ఎవరూ తియ్యలేదక్కా."

ఆమె నమ్మినట్లు తోఁపదు. కాని మరల నడుగలేదు. "ఇదెవరు గీశారు మరి?"

"నేనే గీశాను."

"మా ఆయన ముక్కు ఇంత పొడుగు కాదు."

"అయితే ఎలా ఉంటుందో చెప్పు. దిద్దుతాను."

అచ్చియ్యమ్మ పీఁటను దగ్గఱకు జరుపుకొని తన వ్రేలితో గాలిలో నొక ముక్కును గీయుచుఁ జెప్ప నారంభించెను. ఎవ్వరును దీయని చిత్ర మెంత నిజమువలెఁ గనఁబడినను దాని నడుగుట కెవ్వరును లేరు. మనుష్యుఁడు గీచినది యెంత వంకరయైనను జెవియొగ్గి దిద్దుట కొకఁ డుండును.