గోడకు అటు యాంగ్‌చిన్, ఇటు మాండొలిన్

మలేషియాలోని ఇపో ఊళ్ళో మోహనప్రియ పక్కింట్లోకి చోంగ్ అనే పెద్దాయన కొత్తగా దిగాడు. సైకిళ్ళ షాపు కొడుక్కి అప్పగించి తీరిక చేసుకున్న మనిషి. దిగిన మర్నాడే గోడ అవతల వానజల్లులా ఏదో మోగింది. మోహనప్రియ వెళ్ళి చూస్తే, వెడల్పాటి పెట్టె మీద బారుగా తీగలు, వాటిని రెండు సన్నటి వెదురు పుల్లలతో కొడుతున్నాడాయన.

“యాంగ్‌చిన్. ఇంగ్లీషులో డల్సిమర్ అంటారు,” అన్నాడు మలయ్‌లో. “ఇది మా హక్కా చైనావాళ్ళ కొండపాట. ఈ కొండ మీద మగవాడు పాడితే, ఆ కొండ మీద టీ ఆకు కోసే ఆవిడ జవాబు పాడాలి. ఇప్పుడు జవాబు చెప్పేవాళ్ళు దొరకడం లేదు.”

మోహనప్రియ పళ్ళ డాక్టరు దగ్గర నర్సు. నాన్న నేర్పిన మాండొలిన్ అంటే ప్రాణం. ఇంటికెళ్ళి దాన్ని పట్టుకొచ్చి, ఆయన కూనిరాగం తీసి చూపగా ఆ జవాబు తనే వాయించింది. ఇక సాయంత్రాలన్నీ అదే పని.

ఒకరోజు వాళ్ళమ్మ కన్నమ్మ గుమ్మంలో నిలబడి అంది: “అంత తొందరేటే? కొండెక్కతన్నట్టుండాల పాట.”

“నీకేటి తెలుసమ్మా?”

“మా అమ్మమ్మ పాడీది. కట్టెలకెల్లి, ఈ కొండ మీంచి ఆ కొండకి పాట ఇసిరీవోళ్ళంట.”

“నాకెప్పుడూ సెప్పలేదేటి?”

“నువ్వు అడిగినావా?”

ఉగాదికి తెలుగు సంఘం సభలో వాయిస్తున్నాం, నువ్వూ పాడమని కూతురు బతిమాలింది. “పదిమందిలో నా వల్ల కాదే,” అని కన్నమ్మ పచ్చడికి మామిడికాయలు తరిగే పని ఒప్పుకుంది.

సభ రోజు చోంగ్ మొదటి చరణం వాయించాడు. మోహనప్రియ జవాబు అందుకోబోతుంటే పై తీగ టప్పున తెగింది. చోంగ్ అదే చరణం మళ్ళీ వాయించాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అయినా ఆయన ఆపకుండా మూడోసారి ఎత్తుకున్నాడు.

అప్పుడు హాలు వెనక నుంచి, వంటగది తలుపు దగ్గర, కత్తి చేతిలో ఉండగానే కన్నమ్మ పాడింది:

“ఆ కొండ మీదోడా, నీ కూత ఇన్నాను
మబ్బు అడ్డమొచ్చినాది, మొగం సూపవోయి!”

జనం గొల్లున నవ్వారు. చోంగ్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు గాని, పిలుపు మాత్రం అందింది. పుల్లలు పరిగెత్తించాడు. కన్నమ్మ అడుగులో అడుగు వేసుకుంటూ ముందుకు వచ్చింది. మోహనప్రియ మిగిలిన తీగల మీదే సన్నగా తోడు వాయించింది. ఇన్నేళ్ళూ ఈ గొంతు ఈ ఇంట్లోనే ఉందా అని ఆమెకు ఒకపక్క ఆనందం, ఒకపక్క ఉక్రోషం.

తర్వాత పాటకు అర్థం చెబితే చోంగ్ పగలబడి నవ్వాడు. “మా పాటలో ఆవిడ ఇంత గడుసుది కాదు.”

“ఐతే మీ కొండోళ్ళకి నేర్పాల,” అంది కన్నమ్మ.

నెల తిరిగేలోగా హక్కా సంఘం వాళ్ళు ముగ్గురినీ పిలిచారు. ఇప్పుడు సాయంత్రమైతే కన్నమ్మే ముందు వెళ్ళి పక్కింటి తలుపు తడుతుంది. మోహనప్రియ క్లినిక్ నుంచి వచ్చి మాండొలిన్ అందుకునేసరికి, వాళ్ళిద్దరూ ఒక పాట ముగించి, తాళం ఎవరు తప్పారో తేలక వాదించుకుంటూ ఉంటారు.