తాడు కొసలు

ఎడపల్లిలో రెండు మహిళా సంఘాలను ఒక్కటి చేసినా, శారమ్మ మంది ఒక మూల, తారాబాయి మంది మరో మూల కూర్చునేవారు. ఏటా తాడు గుంజే పోటీలో తలపడ్డ చేతులు సంతకం పెట్టగానే కలుస్తాయా?

ఒకనాడు సంఘం చెరుకు ట్రాలీ కాలువ పక్కన బురదలో దిగబడింది. పోటీ తాడు నడుమను ట్రాలీ కొక్కేనికి కట్టారు. అలవాటు కొద్దీ రెండు జట్లూ చెరో కొస పట్టుకొని ఎదురెదురుగా గుంజారు. ట్రాలీ ఇసుమంతైనా కదలలేదు.

శారమ్మకు ఒళ్లు మండింది. “తారక్కా, గిట్ల గుంజితె తాడు తెగుతది గని ట్రాలీ రాదు! మీ కొస గూడ ఇటే పట్కరాండ్రి!”

“గీ మాట అనెటందుకు గిన్ని రోజులా?” అంటూ తారాబాయి తన మందితో వచ్చి ఆమె వెనకే నిలబడింది.

ఒక్క ఊపున ట్రాలీ గట్టెక్కింది. ఆ తాడుతో ఏటా ఎవరో ఒకరు ఓడేవారు. ఈసారి ఓడింది బురద ఒక్కటే.