పీర్ల పండగ నాడు బడి

డోన్‌కు ఆమడ దూరంలో ఉన్న ఆ పేటలో ఉరుకుందప్ప ఆదివారం క్రైస్తవ ఉపదేశి, మిగిలిన వారమంతా పంతులు. గుడీ, బడీ ఒకటే కొట్టం. ప్రసంగం చెప్పిన చోటే మర్నాడు ఎక్కాలు చెప్పేవాడు. ఎవరింట్లో పెళ్లి కుదిరినా, ఎవరి ఎద్దు తప్పిపోయినా జనం ఆయన దగ్గరికే పరుగెత్తేవారు. మంచివాడు కాదనే మనిషి ఊళ్లో లేడు. కాకపోతే ఆయన నాలుక ఆయనకంటే రెండడుగులు ముందు నడిచేది. ఆ నాలుకే కదా ఇంత పని చేసింది!

కర్నూలు మిషను సభలో దొరగారు, పిల్లలు సరిగా రాని బళ్లను మూసేస్తామన్నారు. పీర్ల పండగ వస్తే ఏ బడిలోనూ పిల్లలుండరని ఎవరో గొణిగారు. అంతే, ఉరుకుందప్ప లేచి నిలబడ్డాడు.

"మా బడి పిల్లకాయలు పీర్ల దిక్కు కన్నెత్తి చూడరయ్యా! ఆ పొద్దు గూడా బడి నిండుగా ఉంటాది."

దొర సంబరపడిపోయాడు. "అయితే ఆ దినమే వచ్చెదను. పిల్లలు ఉన్న బడి ఉండును. లేని బడి మూయబడును" అన్నాడు, పుస్తకంలో నేర్చుకున్న తెలుగులో.

ఇంటికొచ్చి ఈ మాట చెబితే భార్య విశ్వాసమ్మ చేట కింద పెట్టి నవ్వింది. "ఏమయ్యో, తప్పెట మోగితే మన కోళ్లే ఇంట్లో నిలవవు. పిల్లకాయలు నిలుస్తారా?"

పండగ రానే వచ్చింది. పొద్దున్నే ఉరుకుందప్ప, గంటగా వేలాడదీసిన రైలుపట్టా ముక్కను చేతులు నొప్పి పుట్టేలా వాయించాడు. ఒక్క పిల్లవాడు రాలేదు. పీర్ల చావిడి దగ్గర తప్పెట్లు మాత్రం ఆకాశం అదిరేలా మోగుతున్నాయి. దొర బండి వచ్చే వేళవుతోంది. బడి పోతే ఆ పిల్లలు మళ్లీ మేకల వెనకే. ఇక సిగ్గు పక్కన పెట్టి, పంచె ఎగగట్టి చావిడి దారి పట్టాడు. అటు పోవద్దని ఏటేటా ప్రసంగం చెప్పిన దారే అది.

ఆయన్ను చూడగానే తప్పెట ఆగిపోయింది. పీర్లెత్తే నబీ సాహెబ్ గడ్డం నిమురుకుంటూ నవ్వుతూ ముందుకొచ్చాడు.

"ఏమప్పా ఉపదేశీ, దారి తప్పినావా?"

"దారి గాదు సాయిబన్నా, నోరు తప్పింది. దొరొస్తాండాడు. పిల్లకాయలు లేకపోతే బడి మూసేస్తారంట."

నబీ సాహెబ్ నవ్వు ఆగిపోయింది. "మూసేస్తే మా మనవడు యాడ సదవల్ల?" అని గుంపు వైపు తిరిగి గొంతెత్తాడు. "పిల్లోల్లంతా బడికి పాండ్రి! పీర్లు యాడికీ పోవులే, కాసేపు కాసుకోనుంటాయి!"

పిల్లలు పరుగో పరుగు. తీరా కొట్టంలోకొచ్చి కూర్చున్నాక చూస్తే ఏముంది, సగం మంది పులులు! ఒళ్లంతా పసుపు, మసి చారలు, వెనక గుడ్డ తోకలు. విశ్వాసమ్మ నీళ్ల బిందె ఎత్తిందో లేదో, పిల్లల వెనకే వచ్చిన ఒక పులి తల్లి గిడ్డమ్మ అడ్డం పడింది.

"ఇది మొక్కుబడి రంగు అక్కా! పీర్లు నీళ్లలో మునిగేదాకా కడగగూడదు. నీ దొర గొప్పా, నా కొడుకు పానం గొప్పా?"

అంతలో బండి మువ్వలు వినిపించాయి. విశ్వాసమ్మ మొగుడి చెవిలో ఊదింది. "బైబిల్లో సింహాల గుహలో పడేసిన దానియేలు కత లేదా, ఆ నాటకమని చెప్పు. ఏం పోతాది?"

దొర గుమ్మంలో నిలబడి ఆ గుంపును చూశాడు. ముఖం విప్పారింది. "ఓహో, దానియేలు నాటకమా?"

ఒక్కసారి తలూపితే చాలు, బడి దక్కుతుంది. పులులన్నీ ఉరుకుందప్ప ముఖమే చూస్తున్నాయి. అబద్ధ సాక్ష్యం పలకరాదని పోయిన వారమే వాటి చేత వల్లె వేయించాడాయె!

"కాదయ్యా," అన్నాడు చివరికి. "ఈళ్లు పీర్ల కాడ్నించి వచ్చినారు. ఏటా పోతారు. సభలో నేను చెప్పింది అబద్ధం. నేను పోయి అడిగితే నబీ సాయిబన్న తప్పెట ఆపి పంపినాడు."

దొర లోపలికొచ్చాడు. ముందు వరసలోని పులిని లేపి పదమూడో ఎక్కం అడిగాడు. ఆ పులి, చిన్న ఈరన్న, తోక చేత్తో పట్టుకుని గడగడా అప్పగించేశాడు.

"తప్పెట విడిచి బడికి వచ్చిన పిల్లలను నేను ఎచ్చటను చూడలేదు," అన్నాడు దొర. "బడి ఉండును. నీవు ఇకమీదట గొప్పలు చెప్పకుము. ఈ పండుగకు సెలవు ఇమ్ము."

"వచ్చే ఏటి నుంచా అయ్యా?"

"ఇప్పుడే."

ఆ మాట పూర్తి కాకముందే కొట్టం ఖాళీ. అటు తప్పెట మళ్లీ అందుకుంది. దొర టోపీ సర్దుకుని, "నేనును చూచెదను. దారి చూపుము" అన్నాడు.

ఉరుకుందప్ప దిక్కు తోచక భార్య వైపు చూశాడు. విశ్వాసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పో, పోయి చూపించు. పొద్దున పోయొచ్చినావు గదా, దారి తెలుసులే!"