ఒకే ఫోల్డర్‌లో రెండు వెర్షన్లు

నేను ఒక పాత సాఫ్ట్‌వేర్‌ని. అక్షరాలు పేర్చి పేజీలు కట్టడం నా వృత్తి, మా వంశంలో ఐదో వెర్షన్‌ని. ఎక్కడో కళ్లజోడు ఇంజినీర్లు పుట్టించి సీడీలో కుక్కితే, తెనాలిలో పూర్ణచంద్రరావు గారి ప్రెస్సులో తేలాను. పదమూడేళ్లు ఆయన పంచాంగం నా చేతుల మీదుగానే అచ్చుకు వెళ్లింది. ఆయన తిన్న అన్నంలో సగం నా చలవ, సగం ఆపరేటర్ ఝాన్సీ చలవ.

ఆ పెద్దమనిషికి కొత్త మోజు ఆగితేనా! తొమ్మిదో వెర్షన్ కొనుక్కొచ్చారు. అందులో పంచాంగం తెరిస్తే పట్టికలో వరస జారి, ఏకాదశి మర్నాటి తేదీకి చేరేది. ఇక ఊరంతా తప్పు రోజున ఉపవాసమే!

"పాతదాన్ని ఉండనివ్వండి సార్. కొత్తదానికి వేరే ఫోల్డర్ పెడదాం. దేని పని దానిది," అంది ఝాన్సీ.

"ఒక ఒరలో రెండు కత్తులేందమ్మా? నాకు నేర్పేదానివయ్యావా? రేపట్నించి రామాక!"

పదకొండేళ్లు చాకిరీ చేసిన మనిషిని ఒక్క మాటతో గెంటేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయనేమో కొత్తదాన్ని తెచ్చి నా ఫోల్డర్‌లోనే పడేశారు. అది నా ఫాంట్లు, నా సామానే వాడుకుంటూ కొత్తల్లుడిలా తిష్ఠ వేసింది. ఆపైన నన్ను తీసెయ్యబోయారు.

నేను అబద్ధమాడలేదు. "ఈ ఫైళ్లు ఇంకెవరైనా వాడుతూ ఉండొచ్చు. తీసెయ్యమంటారా?" అని ధర్మంగా అడిగాను. చదివితేగా! ఏ ప్రశ్న వచ్చినా 'అవును' నొక్కడం ఆయన అలవాటు. నొక్కారు. పోతూ పోతూ ఉన్నదంతా మూట కట్టుకుని నా సీడీకి చేరాను. కొత్తది కన్ను తెరవలేదు. అబ్బ, నా కడుపు ఎంత చల్లబడిందో!

దాన్ని మళ్లీ ఎక్కిస్తే తిథులు మళ్లీ జారాయి. నన్ను కూడా అదే ఫోల్డర్‌లో ఎక్కిస్తే ఇద్దరం మొరాయించాం. ఉగాది ఇంక ఆరు రోజులు. పంచాంగం రాసిన సిద్ధాంతి గారు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పూర్ణచంద్రరావు గారు చెమటలు తుడుచుకుంటూ ఫోన్ తీశారు.

"అమ్మా ఝాన్సీ, ఒక్కసారి రామ్మా."

"రామాకన్నారుగా సార్."

"తప్పయిపోయిందమ్మా!"

వచ్చింది. చెరో ఫోల్డర్ పెట్టి ఇద్దరినీ విడివిడిగా ఎక్కించింది. నాలుగో రోజుకు పంచాంగం నా చేతుల మీదుగానే అచ్చుకు వెళ్లింది, ఏకాదశి ఏకాదశినాడే ఉంది.

ఇప్పుడు ఏ ఫైలు ముట్టుకోవాలన్నా ఆయన ఆమె కుర్చీ పక్కన నిలబడతారు. "ఝాన్సమ్మా, ఇది దేంట్లో తెరవాలి?" ఆమె తన పేజీ పూర్తయ్యేదాకా తలెత్తదు. ఆ తర్వాత తెరుచుకోవడానికి నేనూ తొందరపడను.