మైపాడు సంధి

మైపాడు తీరాన, రిసార్టు పచ్చికలో, ఆ ఆదివారం సాయంత్రం రెండు సైన్యాలు ఎదురెదురుగా కుర్చీలు వేసుకుని కూర్చున్నాయి. ఒకటి వధువు బిందు తరఫున కోవూరు వరి రైతులది. రెండవది వరుడు కిషోర్ బాబు తరఫున నెల్లూరు చర్చి బంధువులది. యుద్ధనియమం సరళం. ఎవరి పాట వస్తే వారు లేచి ఆడాలి. పాట ముగియగానే కండువా సర్దుకుని కూర్చోవాలి. ఎదుటివారి పాటకు కాలి బొటనవేలు కదిపినా వంశద్రోహమే.

ల్యాప్‌టాపు ముందు నిలబడిన, వరుడి వారు పిలిపించిన డీజే కెజియా ఈ నియమాన్ని భగ్నం చేస్తానని వధువు మేనమామ వెంకటేష్‌కు మధ్యాహ్నమే మాట ఇచ్చింది.

"రెండు పక్కల వాళ్లనూ ఒకేసారి లేపుతాను, అన్నా. లేపకపోతే మీ కోవూరు పెళ్లిళ్లకు నన్ను పిలవబాకండి."

"పెద్ద మాటే చెప్పినావు పాపా. లేవలేదనుకో, నాయుడుపేట డీజే ఉండనే ఉండాడు. వచ్చే నెలంతా పెళ్లిళ్లే మాకు."

శ్రుతి తల్లి, లయ తండ్రి అన్నారు పెద్దలు. తక్కిన విషయాల్లో ఎలా ఉన్నా, ఇందులో మాత్రం కెజియా పరమ సంప్రదాయవాది. జాతకాలు చూడకుండా జరిగిన ప్రేమవివాహానికి ఆమె పాటల జాతకాలు చూసింది. కోవూరు జాతర పాటది పరుగు. చర్చి యువకులు పాడిన క్రిస్మస్ పాటది నడక. ఒకదాన్ని కాస్త నిదానింపజేసి, మరొకదాన్ని కాస్త తొందరపెట్టి, రెంటినీ ఒకే వేగానికి తెచ్చింది. శ్రుతిలో అర మెట్టు తేడా మిగిలింది. జాతర పాటను ఆ అర మెట్టు పైకెత్తింది. గ్రహమైత్రి కుదిరింది.

జాతర పాట మోగింది. కోవూరు లేచింది. సన్నాయి మస్తానయ్య కూడా లేచాడు.

ఉదయం తాళి కట్టేవేళ వాయించిన ఆ విద్వాంసుడు భోజనం కోసం ఆగి ఉన్నాడు. ఏటేటా జాతరలో తాను ఊదే పాట చెవిన పడ్డాక చేతులు కట్టుకుని కూర్చోవడం ఆయన శాస్త్రంలో లేదు. కళ్లు మూసుకుని అందుకున్నాడు. సన్నాయి శ్రుతి దాని కొయ్యతోనే పుడుతుంది. ఏ మీటకూ లొంగదు. స్పీకర్లు అర మెట్టు పైన, సన్నాయి తన పాత చోటే: పంటి కింద ఇసుక పడ్డట్టయింది సభకు.

"కెజియా, ఆ సన్నాయి ఆపించమ్మా!" అని అరిచాడు వరుడి తండ్రి పరంజ్యోతి.

"మంగళవాద్యం మధ్యలో ఆపమంటారా? బాగుంది బావగారూ! మీ పాటల పెట్టెనే ఆపండి," అన్నాడు వెంకటేష్.

ఏది ఆగినా ఒక పక్షం ఓడినట్టే. కెజియా ఏదీ ఆపలేదు. ఎక్కింది తానే గనుక దిగవలసిందీ తానే అని గ్రహించి, జాతర పాటను దాని సొంత శ్రుతికి దించింది. సన్నాయితో అది అతికిపోయింది. ఇంకా మోగని క్రిస్మస్ పాటను కూడా హెడ్‌ఫోన్లలో వింటూ అర మెట్టు కిందికి లాగింది. తర్వాత జాతర పాటలో డప్పును మాత్రం ఉంచి, గొంతులను మెల్లగా తగ్గించి, వాటి చోట చర్చి గొంతులను నింపింది.

చర్చి లేచింది. కోవూరు కూర్చోవాలి; కానీ మస్తానయ్య సన్నాయి ఇంకా జాతర పాటే పలుకుతోంది, క్రిస్మస్ పాటతో చక్కగా కలిసి. తమ పాట నడుస్తుండగా కూర్చోవడం నియమవిరుద్ధం. ఆ విధంగా చట్టాన్ని అక్షరాలా పాటిస్తూనే ఉభయ సైన్యాలూ ఒకే పచ్చికను తొక్కసాగాయి.

"మా పాటకు మీరాడతా ఉండారే!" అన్నాడు వెంకటేష్, అడుగు ఆపకుండా.

"మీదెట్టవుద్ది? పాడేది మా పిల్లోళ్లు," అన్నాడు పరంజ్యోతి, భుజాలు ఎగరేస్తూ.

"పాడితే? ఊదేది మా మస్తానయ్య!"

భోజనాలు సిద్ధమని కబురొచ్చింది. ఎవరూ కదలలేదు. ముందు వెళ్లిన పక్షం పాటను వదులుకున్నట్టే గదా.

వెంకటేష్ ఆడుతూనే ల్యాప్‌టాపు దాకా వచ్చాడు. "పాపా, వచ్చే నెల పెళ్లిళ్లన్నీ నీకే. ముందు ఇది మా పాటని ఆయనకు చెప్పు!"

కెజియా జవాబుగా వేగం కొంచెం పెంచింది. వాదించడానికి ఇద్దరికీ ఊపిరి చాలలేదు.